కరువు ఏడాదిని లెక్కలో పెట్టుకుని చెలకలో తోట వేయడం

తాతల నాటి చెలక (వాన మీదే పండే మెట్ట నేల) సాగు లేకుండా పడావు పడి ఉంది, ఏదైనా తోట పెడదామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది, "ఏ మొక్క పెడితే లాభం?" అని. నేను తిరిగి అడిగేది వేరు. "మీ ఊళ్లో బోర్లు ఎండిన ఏడాది ఏ చెట్టు పచ్చగా నిలబడింది?" దానికి జవాబు తెలిస్తే సగం పని అయినట్టే. మంచి వానలు పడిన ఏడాది ఏది నాటినా పెరుగుతుంది. మన నల్లగొండ, పాలమూరు నేలల్లో చెట్టును ఎంచుకోవాల్సింది కరువు ఏడాదిని గుర్తు పెట్టుకుని.

అచ్చంపేటకూ డిండికీ మధ్య మాకు కొంత ఎర్ర చెలక ఉంది. వయసులో ఉన్నప్పుడు వాటర్‌షెడ్ (వాన నీళ్లను, మట్టిని ఆపే) పనుల్లో ఫీల్డ్ స్టాఫ్‌గా పాత మహబూబ్‌నగర్ జిల్లా చాలావరకు తిరిగాను. తర్వాత మా నాయిన చెలకను చూసుకునే బాధ్యత నాకే వచ్చింది. ఇక్కడ రాసేదంతా వానే ఆధారమైన నేల, ఉంటే ఒక్క బోరు, ఎండాకాలంలో దాని మీద కూడా నమ్మకం లేని వాళ్ల కోసం. కాలువ కింద భూమి ఉన్నవాళ్ల లెక్క వేరు.

ముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది

మామిడి ముప్పై నలభై ఏళ్లు కాస్తుంది. చింత అయితే మనవళ్ల కాలం దాకా ఉంటుంది. అందుకని చెలక ఇంకా తాత పేరు మీదే ఉంటే మొక్కల కంటే ముందు విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్పు, చేయించుకోండి. 2025లో భూముల రికార్డులకు ధరణి స్థానంలో భూభారతి వచ్చింది కాబట్టి పాత కాగితాలు పట్టుకుని ఒకసారి తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి మీ సర్వే నంబరు ఎలా నమోదైందో చూసుకోండి. పాస్‌బుక్‌లో ఎకరాలు సరిపోతే చాలదు, నేల మీద హద్దు రాళ్లు కూడా తేలాలి. అక్కచెల్లెళ్ల వాటా సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోండి. 2005 చట్ట సవరణతో పిత్రార్జితంలో వాళ్లకూ కొడుకులతో సమాన హక్కు ఉంది.

పంపకం కాకుండా అందరూ కలిసి పెట్టుకుంటామంటే ఇంకా మంచిది. కానీ ఎండాకాలం నీళ్లు పెట్టేది ఎవరు, ఖర్చు ఎవరిది, కాయలు ఎట్లా పంచుకోవాలి అన్నది ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టండి. తోట కాపుకొచ్చాక మొదలయ్యే గొడవల్లో చాలావరకు ఈ ఒక్క కాగితం ఆపుతుంది.

గెట్టు (చెలక హద్దు) మీద చెట్లు పెట్టేటప్పుడు పక్క చెలకవాళ్లతో కూడా మాట్లాడండి. మన దగ్గర చలికాలంలో నీడ ఉత్తరం వైపు పడుతుంది. మీ ఉత్తరపు గెట్టు మీద పెద్ద చెట్లు పెడితే ఆ నీడంతా పక్కవాళ్ల పంట మీదే. ఆ వైపు ఏడెనిమిది అడుగులు లోపలికి జరిగి నాటండి, లేదా చిన్నగా పెరిగేవి పెట్టండి.

ఒక వానాకాలం ఊరికే చూడండి

ఈ మాట చెబితే చాలామందికి నచ్చదు, ఏడాది వృథా అంటారు. నాకు మాత్రం తోట పనిలో అన్నిటికంటే విలువైన కాలం ఇదే అనిపిస్తుంది. పెద్ద వాన పడుతుంటే గొడుగేసుకుని చెలకలో నిలబడండి. వరద ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ మట్టిని కోసుకుపోతోంది, ఎక్కడ రెండు రోజులు నిలుస్తోంది అని చూసి గుర్తుగా రాళ్లు పెట్టండి.

దక్షిణ తెలంగాణలో ఏడాదికి పడేది సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే. తక్కువని దిగులు పడేముందు ఒక లెక్క వేయండి. 10 మిల్లీమీటర్ల వాన పడితే ఒక ఎకరం మీద 40 వేల లీటర్ల నీళ్లు పడినట్టు. 25 మిల్లీమీటర్ల వాన అంటే ఎకరానికి లక్ష లీటర్లు. ఇన్ని నీళ్లు ఒక్క సాయంత్రం మన చెలక మీద పడి, మన మట్టిని కూడా తీసుకుని కింది కుంటలోకి పోతున్నాయి. వాటిని ఆపే పని చేయకుండా రెండో బోరుకు అప్పు తేవడం నాకు అస్సలు నచ్చని పని.

ఆపడానికి వాలుకు అడ్డంగా కందకాలు తీయాలి. మట్టం చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒకే పొడవున్న రెండు కర్రలను పైన కలిపి కట్టి, మధ్యలో ఒక అడ్డకర్ర కట్టండి. పై ముడి నుంచి దారానికి రాయి వేలాడదీయండి. కర్రలను ఒకచోట నిలబెట్టి దారం అడ్డకర్రను తాకే చోట గీత పెట్టండి. కాళ్లు అటుదిటు మార్చి అవే రెండు చోట్ల నిలబెట్టి ఇంకో గీత పెట్టండి. రెండు గీతల సరిగ్గా మధ్యే మట్టం. ఇక చెలకలో ఒక కాలు ఆనించి రెండో కాలు జరుపుతూ, దారం మధ్య గీత మీదికి వచ్చిన చోటల్లా సున్నం చల్లుకుంటూ పోతే మట్టం గీత వచ్చేస్తుంది. ఆ గీత వెంట రెండు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీసి, మట్టిని దిగువ వైపు వేయండి. పండ్ల మొక్కల వరుస ఆ కట్టకు దిగువన వస్తే, వాన ఆగాక కూడా వాటి వేళ్లకు తడి అందుతూ ఉంటుంది.

అదే వానాకాలంలో మట్టి నమూనా కూడా తీయించండి. పంట చేలకు తీసినట్టు పైమట్టి ఒక్కటే తీస్తే తోటకు పనికిరాదు. అడుగు, రెండు అడుగులు, మూడు అడుగుల లోతుల్లో విడివిడిగా తీసి ఇవ్వండి. కింద గట్టి మొరం ఎంత లోతులో తగులుతోందో, సున్నపు గడ్డలు ఉన్నాయో లేదో గుంత తవ్వి కళ్లతో చూడండి. బోరు ఉంటే ఆ నీళ్లు కూడా పరీక్షకు పంపండి.

నాటకుండానే వచ్చే చెట్లు

చెలక పడావు పడిందంటే అందులో ఏమీ లేదని కాదు. మోదుగ, తునికి, ఇప్ప, బిల్లుడు, చండ్ర లాంటి వాటి వేళ్లు ఏళ్ల తరబడి నేలలో బతికే ఉంటాయి. ప్రతి ఏడాది నాగలో ట్రాక్టరో వాటి పిలకలను కోస్తుంది, మిగిలింది మేకలు తింటాయి, ఎండాకాలం అగ్గి కాలుస్తుంది. అయినా మళ్లీ చిగురిస్తాయి. గొర్లు కాసిన మా చిన్నాయన దీన్ని ఒక్క మాటలో చెప్పాడు: "దున్నుడు ఆపు బిడ్డా, అవే లేస్తయ్."

ఆయన చెప్పినట్టే గెట్ల వెంట, రాళ్లు తేలిన మెరక మీద దున్నడం ఆపండి. ఒక్క వానాకాలం గడిస్తే ఎక్కడెక్కడ పిలకలు లేచాయో తెలుస్తుంది. ఒక్కో మొదలు నుంచి ఐదారు పిలకలు వస్తాయి. వాటిలో నిటారుగా, బలంగా ఉన్నది ఒకటి ఉంచి మిగతావి కత్తిరించండి. చుట్టూ కంప వేయండి. నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్క వేరు పట్టడానికి రెండేళ్లు తీసుకుంటే, దీనికి వేరు ఎప్పుడో లోతుకు దిగి ఉంది కాబట్టి నీళ్లు పోయకపోయినా ఎక్కుతుంది. తునికి లాంటి చెట్టును విత్తనం నుంచి పెంచడం చాలా నిదానమైన పని. ఉన్న పిలకను కాపాడుకోవడమే దానికి దగ్గరి దారి.

సర్కారు తుమ్మ విషయంలో మాత్రం దయ చూపొద్దు. కాకపోతే అంతా ఒకేసారి పీకేయకుండా, చుట్టూ ఉన్నదాన్ని మొదటి రెండేళ్లు కంచెగా వాడుకుని, లోపలి మొక్కలు పశువులకు అందనంత ఎత్తు ఎదిగాక వేళ్లతో సహా తీసేయండి. కొట్టి వదిలేస్తే రెట్టింపు పిలకలు వేస్తుంది.

లేని జాతులకు విత్తనాలు ఊళ్లోనే దొరుకుతాయి. గుడి ఆవరణ, చెరువు కట్ట, పాత బడి, రోడ్డు పక్క చెట్లు చాలు. అమ్రాబాద్ వైపు అడవి పులుల అభయారణ్యం కాబట్టి అక్కడ అనుమతి లేకుండా ఏరవద్దు. ఒక్కో విత్తనానికి ఒక్కో కాలం ఉంటుంది, అది తప్పితే మొలకెత్తదు. వేప పండ్లు జూన్, జూలైలలో రాలుతాయి. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, పది రోజుల లోపల విత్తేయాలి. దాచిపెడితే జీవం పోతుంది. నేరేడు, ఇప్ప కూడా అంతే, పండు తిన్న వారంలోనే గింజ మట్టిలో పడాలి. మోదుగ కాయలు ఎండాకాలం చివర రాలుతాయి, తొలి వానకు వేసేయవచ్చు. రేల గింజకు, తుమ్మ గింజకు పైతోలు గట్టి. నీళ్లు కాగబెట్టి పొయ్యి మీద నుంచి దింపాక గింజలు వేసి, రాత్రంతా అట్లే వదిలేసి పొద్దున విత్తండి. చింత గింజ నానబెడితే చాలు. మర్రి, రావి గింజలతో అవస్థ పడొద్దు. పాత గోడల పగుళ్లలో పక్షులు వేసిన మొలకలు ఉంటాయి. తొలి వానలకు గోడ మెత్తబడ్డాక వేరు తెగకుండా లాగి కవర్లో పెట్టుకుంటే బాగా బతుకుతాయి.

ఏది ఎక్కడ అన్నది నేల చెబుతుంది. కుంట పక్క, వరద నిలిచే పల్లంలో తెల్లమద్ది, నేరేడు, మేడి. రాతి మెరక మీద బిల్లుడు, చండ్ర, ఇప్ప. పడమర, నైరుతి గెట్ల మీద వేప, కానుగ దగ్గర దగ్గరగా పెట్టండి, ఆషాఢం గాలిని అవే ఆపుతాయి. కానుగను మేకలు పెద్దగా ముట్టవు. కంచె వరుసలో వాక్కాయ, పరికి, గచ్చ పెడితే నాలుగైదేళ్లకు ముళ్ల గోడ తయారవుతుంది, వాక్కాయ పచ్చడికి కూడా వస్తుంది. జమ్మి ఒక్కటైనా పెట్టండి. అది మన రాష్ట్ర వృక్షం, దసరాకు ఆకు దొరకడం కష్టమవుతున్న ఊళ్లు ఎన్నో. వేరు బాగా లోతుకు పోతుంది కాబట్టి దాని కింద పంట కూడా పండుతుంది. గెట్టు చెట్లకూ మొదటి పండ్ల వరుసకూ మధ్య పదిహేను ఇరవై అడుగులు వదలండి. ఆ ఖాళీలో ఎండాకాలానికి ముందే గడ్డి కోసేస్తే బయటి అగ్గి తోటలోకి రాదు. మనలో చాలామంది ఫిబ్రవరి, మార్చిలలో గెట్ల మీది గడ్డి కాలుస్తారు. ఒక్క మధ్యాహ్నంలో ఐదేళ్ల తోట పోగలదు. మొత్తం రాతలో దేనికైనా టెన్షన్ పడాలంటే దీనికే పడండి.

పండ్ల చెట్లు, నీళ్ల లెక్కన

బోరు లేకపోయినా నిలబడేవి సీతాఫలం, రేగు, ఉసిరి, నేరేడు, చింత. వీటికి మొదటి రెండు ఎండాకాలాలు కుండతోనో ట్యాంకరుతోనో ప్రాణం పోస్తే చాలు. కొంచెం నీళ్లున్నచోట మామిడి, జామ. ఏడాది పొడవునా నమ్మకమైన నీళ్లుంటేనే బత్తాయి, నిమ్మ, దానిమ్మ.

బత్తాయి గురించి గట్టిగా చెప్పాలి. నల్లగొండ బత్తాయి పేరు దేశమంతా తెలుసు. అదే జిల్లాలో బోర్లు ఎండి, ట్యాంకర్లతో నీళ్లు పోసి పోసి, చివరికి తోటలు కొట్టేసుకున్న రైతులు కూడా ఎందరో. ఒక్క బోరును నమ్ముకుని ఐదెకరాలూ బత్తాయి పెట్టొద్దు. నీళ్లుండి పెట్టేవాళ్లు రంగపూర్ నిమ్మ మొదలు మీద అంటుకట్టిన సాత్‌గుడి రకం బత్తాయి తీసుకోండి. అంటు భాగం నేలకు జానెడు పైనే ఉండాలి. మొదలు చుట్టూ చిన్న కట్ట, దాని బయట ఇంకో కట్ట వేసి, రెంటి మధ్యే నీళ్లు పారేలా చేస్తే కాండానికి తడి తగలదు, బంక తెగులు తగ్గుతుంది. వానాకాలానికి ముందు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో బోర్డో పేస్టు చేసి మొదళ్లకు పూయండి.

సీతాఫలం మా పాలమూరు పండు. బాలానగర్ రకానికి ఆ పేరు జడ్చర్ల దగ్గరి బాలానగర్ నుంచే వచ్చింది. చెట్టు మూలం అమెరికా ఖండమంటారు కానీ, మన గుట్టల మీద ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా తరతరాలుగా కాస్తోంది. మేకలు దీని ఆకు ముట్టవు, కాబట్టి తోటలో బయటి వరుసలకు ఇదే సరైనది. విత్తనంతో పెంచినా బాలానగర్ గుణం చాలావరకు నిలుస్తుంది, మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది. ఎండాకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది, అదే దాని బలం. పూత వచ్చినా పిందె నిలవడం లేదంటే చేత్తో పరాగం అంటించండి. పూర్తిగా విచ్చిన పూల నుంచి పుప్పొడిని చిన్న డబ్బాలోకి దులిపి, పొద్దున్నే సగం విచ్చుకున్న పూల లోపల మెత్తటి కుంచెతో రాయాలి. ఇది పిల్లలకు నేర్పిస్తే ఇష్టంగా చేస్తారు. పిండినల్లి వస్తే చీమల దారి ఆపండి, వాటిని పైకి మోసేది చీమలే. మొదలు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టి దాని మీద గ్రీజు పూస్తే చాలు.

ఉసిరి ఒక్క రకమే పెడితే కాపు సరిగా రాదు. ఎన్.ఏ.-7, కృష్ణ, కాంచన్‌లలో కనీసం రెండు కలిపి పెట్టండి. రేగుకు నర్సరీకి పోనక్కర్లేదు. చెలకలో ఉన్న నాటు రేగు మొదలును కోసి, వచ్చిన కొత్త పిలక మీద మంచి రకం కన్ను అంటుకట్టిస్తే పాత వేరు మీద కొత్త చెట్టు నిలబడుతుంది. మామిడిలో కొల్లాపూర్ వైపు పేరున్నది బేనిషాన్ (బంగినపల్లి). అమ్ముకోవడానికి అది పెట్టుకోండి. కానీ ఇంటి చెలక కాబట్టి హిమాయత్ రెండు, రసం రెండు, పచ్చడికి జలాల్ ఒకటైనా ఉండాలని నా పట్టుదల.

గుంత, మొక్క, నీళ్లు

మామిడికి 10 మీటర్ల దూరం అయితే ఎకరానికి 40 మొక్కలు, 8 మీటర్లయితే 60 పైన. దగ్గర దగ్గరగా 5 మీటర్లకు పెట్టి 160 పట్టించే పద్ధతి ఉంది, దానికి డ్రిప్, ఏటా కత్తిరింపులు తప్పవు. వాన చెలకలో నేను దూరమే పెట్టమంటాను. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంతలు ఏప్రిల్, మే నెలల్లో తీయండి. సీతాఫలానికి, రేగుకు రెండడుగులవి చాలు. పైమట్టి ఒక పక్క, కింది మొరం ఒక పక్క పోయండి. నెల రోజులు ఎండనిస్తే పురుగులు, చెదల గుడ్లు పోతాయి. పైమట్టిలో రెండు మూడు గంపల చివికిన పశువుల ఎరువు, కిలో సూపర్ ఫాస్ఫేట్, కిలో వేప పిండి కలిపి నింపండి. చివకని పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచినట్టే.

చెదలను తక్కువ అంచనా వేయొద్దు. మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాల మేర పరుచుకున్న, సుమారు 700 ఏళ్ల వయసంటున్న పిల్లలమర్రిని కూడా అవి లోపల తినేశాయి. కొమ్మలు విరిగిపడ్డాక 2018లో సెలైన్ సీసాలతో బొట్టు బొట్టుగా మందెక్కించి కాపాడాల్సి వచ్చింది. మన మొక్కలకు వేప పిండి, చుట్టూ ఎండు కట్టెలు వదలకపోవడం, వారానికోసారి మొదలు చూడటం సరిపోతాయి.

నాటడం తొలి వానకు వద్దు. రెండు మూడు మంచి వానలు పడి గుంతలో మట్టి అణిగాక, జూలైలో నాటండి. నర్సరీలో పొడుగాటి మొక్క చూసి మోజు పడకండి. రెండడుగుల ఎత్తు, అంటు బాగా అతుక్కుని ఉండటం, కవరు అడుగున వేరు చుట్టలు తిరగకపోవడం ముఖ్యం. సాయంత్రం పూట నాటి, అంటు మట్టిలో కప్పబడకుండా చూసి, కర్ర పాతి వదులుగా కట్టండి. అంటు కింద నుంచి లేచే ప్రతి చిగురూ తుంచేయాలి. అది నాటు మొదలుది, వదిలేస్తే మంచి రకాన్ని మింగేస్తుంది.

డ్రిప్ లేనిచోట పది లీటర్ల మట్టి కుండకు అడుగున చిల్లు పెట్టి, పాత గుడ్డ వత్తి దూర్చి, మొక్కకు అడుగు దూరంలో మెడ వరకు పాతండి. మూత పెట్టి నాలుగైదు రోజులకోసారి నింపితే ఎండాకాలం గడుస్తుంది. పాదు మీద వేరుశనగ పొట్టు, గడ్డి జానెడు మందం పరచండి, మొదలుకు మాత్రం తగలనివ్వద్దు. మొదటి నాలుగేళ్లు వరుసల మధ్య పెసర, బొబ్బర, వేరుశనగ, కంది వేసుకుంటే చేతి ఖర్చులు వస్తాయి, నేలా బలపడుతుంది. పత్తి వద్దు. మామిడి, జామకు మొదటి మూడేళ్లు పూత తీసేయండి. ఇంట్లోవాళ్లు బాధపడతారు, అయినా తీసేయండి.

అడవి పందులు వేరుశనగ కోసం వస్తాయి, వచ్చి కుండలు, పైపులు చెడగొడతాయి. గుట్ట పక్క చెలకలో వేరుశనగ మానేసి ఆముదమో కందో వేయండి. కోతులను పూర్తిగా ఆపే ఉపాయం ఏదీ లేదు. గెట్టు మీద మేడి, నేరేడు, రేగు, సీమచింత ఎక్కువగా పెంచితే కొంత వాటితో సరిపెట్టుకుంటాయి. కాపు మొదలయ్యే నెలన్నర మనిషి కావలి తప్పదు, ఆ కూలి ముందే లెక్కలో వేసుకోండి.

కొత్తగా బోరు వేయాలన్నా, పెద్ద చెట్టు కొట్టాలన్నా వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. డ్రిప్‌కు సబ్సిడీ, ఉపాధి హామీలో గుంతల తవ్వకానికి, మొక్కలకు సాయం ఉండవచ్చు. పథకాలు, నిధులు ఏడాదికేడాది మారతాయి కాబట్టి మండల హార్టికల్చర్ ఆఫీసులో, గ్రామ పంచాయతీలో ఫిబ్రవరిలోనే అడగండి. పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు బుక్కు జిరాక్సులు, మట్టి పరీక్ష కాగితం తీసుకెళ్లండి. జూన్‌లో వెళితే ఆ ఏడాది జాబితా అప్పటికే నిండిపోయి ఉంటుంది.